నత్త చెప్పిన సాక్ష్యం

నోవహు కట్టిన ఓడకు లోపలా వెలుపలా కీలు పూయమని దేవుడు ఆజ్ఞాపించాడని ఆదికాండంలో చదువుతాం. లోపలి ప్రాణులు బతకడానికి ఆ పూత అవసరమైంది. ఇరవయ్యో శతాబ్దంలో మనిషి తన ఓడలకు పూసిన ఒక రంగు మాత్రం బయటి నీటిలో ఉన్న ప్రాణులకు ముప్పు తెచ్చింది. ఆ సంగతిని లోకానికి తెలియజేసిన సాక్షుల్లో ముఖ్యమైనది రాళ్లను అంటుకుని బతికే చిన్న నత్త.

ఓడ అడుగుభాగానికి నాచు, బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవులు పట్టుకుంటాయి. వాటివల్ల వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. దీనికి విరుగుడుగా 1960ల నుంచి ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు రసాయనం కలిపిన రంగులు వాడుకలోకి వచ్చాయి. దీన్నే టీబీటీ అంటారు. రంగు బాగా పనిచేసింది. ఓడల యజమానులు సంతోషించారు.

ఇంగ్లండులోని ప్లిమత్ తీరంలో డాగ్ వెల్క్ అనే నత్తలను పరిశీలించిన బ్లేబర్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో ఒక వింత విషయం ప్రకటించాడు. ఆడ నత్తల్లో మగ నత్తకు ఉండే అవయవం పెరుగుతోంది. కారణం అప్పటికి తెలియదు. ఇలాంటి మార్పే అమెరికా తీరంలో మరో జాతి నత్తలో కనిపించింది. దానికి మూలం పడవల రంగులోని టీబీటీయేనని స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు 1981లో చూపాడు. లీటరు నీటిలో గ్రాములో నూరు కోట్ల వంతు ఉన్నా చాలు, డాగ్ వెల్క్‌లో ఈ మార్పు మొదలవుతుందని తర్వాత తేలింది.

మార్పు ముదిరితే గుడ్లు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. గుడ్లు లోపలే నిలిచిపోయి తల్లి చనిపోతుంది. ఈ నత్త పిల్లలు నీటిలో ఈదుతూ దూరం పోలేవు, పుట్టిన రాతిమీదే పాకుతాయి. కాబట్టి ఒకచోట జాతి నశిస్తే మళ్లీ నిండడానికి ఏళ్లు పడుతుంది. ఎక్కడికీ పోదు గనుకనే ఆ నత్త తానున్న చోటి సంగతి కచ్చితంగా చెబుతుంది. ఆడ నత్తలో ఆ అవయవం ఎంత పెరిగిందో కొలిచి, ఆ రేవులో విషం ఎంత ఉందో అంచనా వేస్తారు.

అయితే చట్టాన్ని కదిలించింది నత్త కాదు. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ చిప్పల పెంపకం దెబ్బతిన్నాకే, 1982లో ఆ దేశం చిన్న పడవలకు ఈ రంగును నిషేధించింది. బ్రిటన్ 1987లో అదే పని చేసింది. పెద్ద ఓడల విషయంలో అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమలులోకి వచ్చింది. నత్త సాక్ష్యానికీ ఈ నిషేధానికీ మధ్య 38 ఏళ్లు గడిచాయి. లాభం పొందినవారు ఒకరు, నష్టపోయినవారు మరొకరు అయినప్పుడు న్యాయం ఇలాగే ఆలస్యమవుతుంది.

నత్తను చంపాలని ఎవరూ రంగు వేయలేదు. అయినా నత్త చచ్చింది. దురుద్దేశం లేదు గనుక దోషం లేదనుకోవడం మనందరికీ అలవాటే. మన పని వల్ల ఎవరికి ఏమవుతోందో అడగకపోవడం కూడా దోషమే.

ఈ కథలో నిరీక్షణ కూడా ఉంది. నిషేధాల తర్వాత బ్రిటన్ తీరాల్లో అనేకచోట్ల డాగ్ వెల్క్‌లు తిరిగి కోలుకున్నాయి. మనిషి తప్పుదారి విడిచి మళ్లుకుంటే సృష్టికి మేలు కలుగుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? కానీ పని పూర్తికాలేదు. పాత విషం రేవుల బురదలో ఇంకా మిగిలే ఉంది. టీబీటీ బదులు వచ్చిన వాటిలో సైబుట్రిన్ అనే మరో రసాయనాన్నీ 2023 నుంచి నిషేధించాల్సి వచ్చింది.

ఇది పరాయి దేశాల గొడవ కాదు. మన దేశపు తీరంలోని నత్తల్లోనూ ఈ మార్పు ఉందని 1999లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఇలాంటి రంగులను అదుపు చేయడానికి 2014లో మన పార్లమెంటు నౌకా చట్టాన్ని సవరించింది. రేవు పట్టణాల్లోని మన సంఘాల్లో ఓడల మీద పనిచేసేవారు, వేటకు వెళ్లేవారు ఉన్నారు. పడవ గీకిన పాత రంగును నీటిలో కలపకుండా చూడటం, కొత్త రంగు డబ్బాలో ఏముందో అడిగి కొనడం వారి చేతిలో ఉన్న పని. తోటను సేద్యపరచడానికే కాదు, కాయడానికి కూడా దేవుడు ఆదామును అందులో ఉంచాడు. ఆ కావలి పని సముద్రానికీ వర్తిస్తుందని మేము నమ్ముతున్నాం.