నోటిలో తెల్లపూత.. ‘వేడి’ అనుకుంటే ముప్పే
మోస్రా: నాలుకపై తెల్లని పూత, కారం తగిలితే మంట, ముద్ద మింగితే నొప్పి. పల్లెల్లో ఇది కనిపించగానే ‘వేడి చేసింది’ అనడం, నాలుగు బి-కాంప్లెక్స్‌ మాత్రలతో సరిపెట్టుకోవడం ఆనవాయితీ. హెచ్‌ఐవీ ఉన్నవారి విషయంలో ఈ తాత్సారమే ప్రాణాల మీదకు తెస్తుంది.

క్యాండిడా అనే శిలీంధ్రం ఆరోగ్యవంతుల నోటిలోనూ ఉంటుంది. రోగనిరోధక శక్తి బలంగా ఉన్నంత కాలం హాని చేయదు. ఘనపు మిల్లీమీటరు రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గితే విజృంభించే అవకాశం ఎక్కువ. తగ్గకుండా వేధించే నోటిపూతను ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీ మూడో దశ లక్షణంగా, అన్నవాహికకు పాకితే నాలుగో దశగా పరిగణిస్తోంది. అప్పటికే మందులు వాడుతున్నవారిలో పూత తిరగబెట్టిందంటే మోతాదులు తప్పుతున్నాయేమో, మందు పనిచేయడం లేదేమో చూడాల్సిందే.

తెల్లపూత ఉన్న ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ ఉన్నట్లు కాదు. మధుమేహులు, స్టెరాయిడ్లు వాడేవారు, కట్టుడు పళ్లున్నవారు, పసిపిల్లల్లోనూ ఇది వస్తుంది. క్యాండిడా పూత సాధారణంగా గీకితే ఊడి, కింద ఎర్రగా కనిపిస్తుంది. ఖైనీ, గుట్కా, బీడీ అలవాటున్నవారికి వచ్చే కొన్ని తెల్లమచ్చలు గీకినా పోవు. అవి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఏది ఏదో తేల్చాల్సింది వైద్యుడే.

చికిత్స కష్టమైనదేమీ కాదు. ఫ్లుకొనజోల్‌ వంటి మందులు వైద్యుల సూచనపై సాధారణంగా ఒకటి రెండు వారాలు వాడితే పూత తగ్గుతుంది. మళ్లీ రాకుండా కాపాడేది మాత్రం క్రమం తప్పని ఏఆర్‌టీ చికిత్సే. దేశంలో 2004 నుంచి ఈ మందులను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా నిర్ధారణ అయిన వెంటనే ప్రారంభించే విధానం 2017లో వచ్చింది. జిల్లావాసులకు నిజామాబాద్‌ ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది.

మందు ఉన్నా రోగి రాకపోవడమే అసలు సమస్య. ఊళ్లో తెలిస్తే పరువు పోతుందన్న బెంగ ఒకటి. గల్ఫ్‌ దేశాల్లో హెచ్‌ఐవీ బయటపడిన వలస కార్మికులను వెనక్కి పంపుతారు గనుక, వీసా పోతుందన్న భయం మరొకటి. 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, వివరాలు బయటపెట్టరాదు, వైద్యంలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపరాదు. ఐసీటీసీల్లో పరీక్ష ఉచితం. 1097 నంబరుకు ఫోన్‌ చేసినా సలహా లభిస్తుంది.

పూత కనిపించగానే ఆసుపత్రికి వెళ్తే చిన్న చికిత్సతో పోతుంది. దాచుకుంటే మెతుకు మింగుడుపడని స్థితికి చేరుస్తుంది.