పుట్టుక - పెంపకము

స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున రంగస్థలముపై నిలిచినపుడు, నటుడు పురుషుడన్న సంగతినే ప్రేక్షకులు మఱచిపోయెడివారని పెద్దలు చెప్పుదురు. 1902లో బాపట్లలో జన్మించిన ఆ మహానటుడు స్త్రీల నడకను, చూపును, అలకను సాధనచే అలవఱచుకొనెను. 1956లో ప్రభుత్వమాయనను పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. కూచిపూడి భాగవతులును తరతరములుగా ఈ విద్యను తమ కుమారులకు నేర్పుచు వచ్చిరి. వేషము విప్పిన పిమ్మట వారు ఎప్పటివలె పురుషులే. లోకము ఆడుతనమని పేరిడిన నడవడిలో చాల భాగము నేర్చిన వచ్చునదియే. కాని తాను స్త్రీయా, పురుషుడా అను లోపలి యెఱుక వేషముతో వచ్చునది కాదు, వేషముతో పోవునదియు కాదు.

ఈ భేదమును గుర్తింపకపోవుటచే ఒక బిడ్డ బ్రదుకు బలియైనది. 1965లో కెనడాలోని విన్నిపెగ్ నగరమున కవల మగబిడ్డలు జన్మించిరి. నెలల ప్రాయమున జరిగిన శస్త్రచికిత్సలో పొరపాటువలన వారిలో ఒకని పురుషాంగము కాలిపోయెను. అమెరికాలో పేరొందిన మనస్తత్వవేత్త జాన్ మనీ, పసితనముననే పెంపకము మార్చినచో ఆ బిడ్డ ఆడుపిల్లగా ఎదుగునని తల్లిదండ్రులకు నచ్చజెప్పెను. బిడ్డకు మఱల శస్త్రచికిత్స చేసిరి, ఆడుపేరు పెట్టిరి, గౌనులు తొడిగిరి. ప్రయోగము ఫలించినదని మనీ 1972లో లోకమునకు చాటెను. ఇంటిలోని సంగతి వేఱు. ఆ బిడ్డ గౌనులను ఏవగించుకొనెను. బడిలో తోడిపిల్లల హేళనకు గుఱియయ్యెను. 1980లో తండ్రి నిజము తెలుపగా, డేవిడ్ అను పేరు పెట్టుకొని పురుషుడుగా జీవింప నిశ్చయించుకొనెను. 1997లో మిల్టన్ డైమండ్, కీత్ సిగ్మండ్‌సన్ అనువారు ఈ వృత్తాంతమును శాస్త్రలోకమునకు వెల్లడించిరి. 2004లో, 38వ యేట, డేవిడ్ రైమర్ అకాలమరణము నొందెను.

ఒక్కని కథనుబట్టి సిద్ధాంతము చేయరాదు. అయినను పుట్టుకకు సంబంధించినదెంత, పెంపకమునకు సంబంధించినదెంత అని విచారించుట యవసరము. మాతృగర్భమున సుమారు ఆఱు వారములవఱకు బీజగ్రంథులలో ఆడుమగ భేదము కానరాదు. వాటిని మగవైపు త్రిప్పు జీను వై క్రోమోసోముపై కలదని 1990లో తేలినది. ఆపై హార్మోనులు దేహమును తీర్చును. ఇది ప్రకృతి. కాని ఊడ్చుట ఆడుదానికనియు, లెక్కలు మగవానికనియు నిర్ణయించు జీనును ఏ శాస్త్రజ్ఞుడును కనుగొనలేదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల బడి తెఱచిన కాలమున, చదువు ఆడుదాని స్వభావమునకు సరిపడదని వాదించినవారు కలరు. వారు స్వభావమని పిలిచినది వట్టి ఆచారమే యని నేటి మన తరగతులే సాక్ష్యమిచ్చుచున్నవి.

అయినను ఆ తరగతులలోనే చీపురు బాలికల చేతికిని, బయటిపనులు బాలురకును అప్పగించుచున్నాము. కంటనీరు పెట్టిన పిల్లవానిని ఆడుపిల్లవా యని పరిహసించుచున్నాము. తన దేహమునకును మనస్సునకును పొత్తు కుదరక లోలోన కుములు బిడ్డ యొకడు ఆ తరగతిలోనే యున్నచో, మన పరిహాసము వానినెంత గాయపఱచునో ఊహింపము. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాను పురుషుడో, స్త్రీయో, తృతీయప్రకృతియో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదే యని తీర్పు చెప్పినది. ఆ తీర్పు బడి గడప దాటి లోనికి రావలసియున్నది.

గట్టిగా దండించినచో అట్టి బిడ్డ చక్కబడునని కొందఱు ఉపాధ్యాయుల నమ్మకము. వారు విన్నిపెగ్ బిడ్డను స్మరింపవలయును. తల్లిదండ్రుల ప్రేమ, వైద్యుల పాండిత్యము, ఏండ్ల తరబడి పెంపకము ఏకమై మార్పజాలని దానిని మన బెత్తము మార్పగలదా?

పనులు నేర్పిన వచ్చును. కావున వంటయు, వడ్రంగమును, కవిత్వమును, గణితమును ఆడుమగ భేదము లేక అందఱకును నేర్పుదము. లోపలి యెఱుక నేర్పిన వచ్చునది కాదు. కావున దానిని గౌరవింతము. విద్యార్థులారా! మీ ప్రక్క బల్లపై ఒంటరిగా కూర్చున్న వానిని రేపు పలుకరింపుడు. గురువులు నేర్పక ముందే మీరు నేర్చుకొనదగిన పాఠమది.