పాత ల్యాప్‌టాపు – కొత్త వ్యవస్థ : మన కర్తవ్యం

విజ్ఞానశాస్త్రం మానవునికి ప్రసాదించిన సాధనాలలో కంప్యూటరుది విశిష్ట స్థానం. ఒకనాడు విద్యార్థికి పలకాబలపం ఎంత అవసరమో, నేడు ల్యాప్‌టాపు అంత అవసరమై కూర్చున్నది. ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టాలన్నా, ప్రవేశ పరీక్షకు పేరు నమోదు చేసుకోవాలన్నా, ప్రాజెక్టు నివేదిక సిద్ధం చేయాలన్నా అదే శరణ్యం. అయితే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సామాన్య కుటుంబాలలో కొత్త యంత్రాన్ని కొనగలవారు ఎందరు? గల్ఫ్ దేశంలో చెమటోడ్చే తండ్రి పంపిన పైకంతోనో, బీడీలు చుట్టే తల్లి ఎత్తుకున్న చీటీ డబ్బుతోనో ఇంటికి వచ్చిన ల్యాప్‌టాపు అది. అన్న చదువు ముగియగానే చెల్లెలి చేతికి, ఆమె నుండి తమ్మునికి అది వారసత్వంగా సంక్రమిస్తుంది. అటువంటి యంత్రాన్ని “ఇక పనికిరాదు, పారవేయండి” అని ఎవరైనా అంటే, ఆ మాట ఆ ఇంటి కష్టార్జితాన్ని పారవేయుమన్నట్లే.

ఈ మాట నేడు అనేక ఇండ్లలో వినబడుతున్నది. 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ సేవలను నిలిపివేసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణల గడువును ప్రకటించింది. ఆ వ్యవస్థ స్థానంలో 2021లో వచ్చిన విండోస్ 11 అన్ని యంత్రాలనూ ఆదరించదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలంటుంది. ఇంటెల్ ప్రాసెసరైతే సాధారణంగా ఎనిమిదవ తరానిదో, ఆ తరువాతిదో కావాలంటుంది. ఆ ఎనిమిదవ తరం 2017లో గాని విపణికి రాలేదు. అంతకు ముందు తయారైన ల్యాప్‌టాపులు, ఎంత చక్కగా నడుస్తున్నా, దాదాపుగా అన్నీ గడప బయటనే నిలిచిపోయినవి. ఈ కారణంగా ఇంచుమించు 24 కోట్ల కంప్యూటర్లు వ్యర్థాలుగా మారవచ్చునని కెనాలిస్ అనే పరిశీలనా సంస్థ 2023లో అంచనా వేసింది.

ఈ విషయంలో రెండు విధాలైన పొరపాట్లు జరుగుతున్నవని మేము భావిస్తున్నాము. మొదటిది నిర్లక్ష్యం. “నడుస్తున్నది గదా, మార్చుట ఎందుకు?” అనేవారున్నారు. సవరణలు నిలిచిపోయిన వ్యవస్థ గొళ్లెం ఊడిన తలుపు వంటిది. దొంగ రానంతవరకు ఇబ్బంది తెలియదు. 2017 మే నెలలో వాన్నక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి సొమ్ము డిమాండు చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతం దాని వాత పడినవి. అది ప్రవేశించిన రంధ్రాన్ని పూడ్చే సవరణ అంతకు రెండు నెలల ముందే, అంటే మార్చిలోనే విడుదలైంది. దానిని స్వీకరించని యంత్రాలే ప్రధానంగా దెబ్బతిన్నవి. బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్య, ధ్రువపత్రాలు అన్నీ ఒకే యంత్రంలో పెట్టుకొనే విద్యార్థి ఈ పాఠాన్ని మరువరాదు.

రెండవ పొరపాటు తొందరపాటు. మేము మా పాత ల్యాప్‌టాపును ఒక దుకాణానికి తీసుకొని పోగా, ఆ దుకాణదారుడు దానిని తెరిచి చూడకుండానే కొత్తది కొనుమని సలహా యిచ్చినాడు. కాదంటే అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తానన్నాడు. అర్హత లేని యంత్రంలో అట్లా ఎక్కించిన వ్యవస్థకు ముందుముందు సవరణలు అందునన్న హామీని తయారీదారులే ఇవ్వడం లేదు. ఇక దొంగ ప్రతుల సంగతి చెప్పనవసరం లేదు. భద్రత కోసమని బయలుదేరి అభద్రతను కొని తెచ్చుకొనుట వివేకం కాదు.

మరి తరుణోపాయమేమి? సిరిసిల్లలో సాంచాకు ఒక భాగం అరిగిపోతే నేత కార్మికుడు ఆ భాగాన్ని మార్చుకుంటాడు గాని సాంచానే పారవేయడు. ల్యాప్‌టాపు విషయంలోనూ అదే నీతి వర్తిస్తుంది. తిరిగే హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డి అమర్చి, వీలైతే ర్యామ్‌ను పెంచితే మందగించిన యంత్రం చురుకుదనం పొందుతుంది. అటుపిమ్మట దానికి సరిపడే ఉచిత వ్యవస్థను ఎక్కించవచ్చును. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ నేడు లోకవ్యాప్తమైనది. దాని రూపాలలో ఒకటైన లినక్స్ మింట్ 2 జీబీ ర్యామ్‌తోనైనా నడవగలదు. 4 జీబీ ఉంటే సుఖంగా నడుస్తుంది. 2024లో వచ్చిన దాని 22వ సంచికకు 2029 వరకు సవరణలు అందుతాయి. మన దేశంలో సీడాక్ సంస్థ భారతీయ భాషల సౌకర్యంతో బాస్ లినక్స్‌ను రూపొందించింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసింది. పెన్‌డ్రైవు నుండి నడిపి చూసి, వైఫై, ధ్వని, ముద్రణ యంత్రం సరిగా పనిచేస్తున్నవని తేలిన తరువాతనే డిస్కులో స్థాపించుకొనే వీలున్నది. ఇంతకంటె నిరపాయమైన పరీక్ష మరేమి కావాలి?

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. మా కళాశాల సంచిక ఒక వైపు నుండి తెలుగు, మరొక వైపు నుండి ఉర్దూ పుటలతో తెరుచుకుంటుంది. కొన్నేళ్ల నాటి తెలుగు వ్యాసాలను కొత్త వ్యవస్థలో తెరిచి చూడగా, అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులు కనిపించినవి. అవి యూనికోడుకు చెందని అను ఫాంట్లలో టైపు చేసినవి. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పుటలదీ అదే దుస్థితి. కావున వ్యవస్థను మార్చుటకు ముందే అన్ని ఫైళ్లకు విడిగా ఒక ప్రతి తీసుకొనవలెను. పాత యంత్రం పనిచేస్తుండగానే ఆ వ్యాసాలను పీడీఎఫ్‌గా భద్రపరచి, యూనికోడులోనికి మార్చుకొనవలెను. ఒకసారి మార్చిన పిమ్మట తెలుగుకు పోతన వంటి ఫాంట్లు, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉచితంగా లభిస్తున్నవి. లిబ్రెఆఫీసులో ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు రెండు లిపులనూ ఒకే పుటలో వ్రాసుకొనవచ్చును. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. పూర్వ విద్యార్థులు వ్రాసిన కవిత పోతే తిరిగి తేలేము.

లినక్స్‌తో అన్ని పనులూ జరుగునా అని కొందరు ప్రశ్నిస్తారు. జరుగవని నిజాయితీగా ఒప్పుకొందాము. పేజ్‌మేకర్, కొన్ని అకౌంటింగ్ ప్రోగ్రాములు, కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్లు విండోస్‌నే కోరుతాయి. అటువంటి పని జీవనాధారమైనవారు తమ యంత్రం అర్హతను ముందుగా పరీక్షించుకొనవలెను. పాత వ్యవస్థ తప్పనిసరియైతే ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, ఆ ఒక్క పనికే వినియోగించవలెను. తక్కిన విద్యార్థులలో అధికుల అవసరాలు చదువుట, వ్రాయుట, దరఖాస్తులు నింపుట, పాఠాలు వినుట వరకే. వీటికి పాత ల్యాప్‌టాపు చాలును.

మన ప్రాంతానికి ఇది కొత్త విషయమేమీ కాదు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం నాటి ఆదిలాబాద్ జిల్లా బాసరలో గ్రామీణ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాపులనిచ్చి, వాటి ఆధారంగానే బోధన సాగించింది. పల్లె పిల్లలకు యంత్రం అందితే ఏమి సాధించగలరో లోకం చూసింది. అయితే యంత్రాన్ని ఇచ్చుటతో బాధ్యత తీరదు. దానిని పది కాలాల పాటు పనికివచ్చేట్లు నిలుపుకొనే విద్యను కూడా నేర్పవలెను.

అందువలన మాది ఒక విన్నపం. ప్రతి కళాశాల సంవత్సరానికి ఒక దినమైనా ఇందుకై కేటాయించాలి. కంప్యూటరు విభాగపు విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో జూనియర్ల ల్యాప్‌టాపులను పరీక్షించి, ఫైళ్ల ప్రతులు తీయించి, తగిన వ్యవస్థను ఎక్కించాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. కొన్ని పెన్‌డ్రైవులు, కొంత ఓపిక చాలును. నేర్చినవారికి అది అనుభవం. పొందినవారికి వేలాది రూపాయల ఆదా.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంట మూలపడిన ల్యాప్‌టాపును ఒకసారి బయటకు తీయండి. దాని వెనుక తల్లిదండ్రుల శ్రమ ఉన్నది. దానిని పారవేయుటకు ముందు పరీక్షించండి. వాడుటకు ముందు భద్రం చేయండి. మీకు అవసరం తీరితే చెల్లెలికో, పొరుగింటి పేద బాలునికో అందించండి.