ఒక రోజు ముందే

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మనవైపు పెద్దలు చెబుతారు. ఆ దానం కాశీలోనే ఇవ్వాలని కొందరు ఇంకాస్త బిగిస్తారు. ఇవాళ్టి బంగారం ధర తెలిసినవాడెవడూ పిల్లి జోలికి పోడు కాబట్టి, ఆ నమ్మకం వల్ల పిల్లులకు మేలే జరిగి ఉంటుంది. నా పేచీ నమ్మకంతో కాదు. తిండీ నీళ్లూ మానేసి, ఇవాళో రేపో అన్నట్టున్న ముసలి పిల్లి విషయంలో కూడా అదే మాట పట్టుకుని వేలాడటంతో.

పోయిన నెల మా మిరియం పోయింది. పద్దెనిమిదేళ్ల నల్ల పిల్లి. "పోయింది" అంటున్నాను గానీ, డాక్టర్ని పిలిచి ఇంజెక్షన్ ఇప్పించి మేమే పంపించాం. సంగతి చెబితే మా మేనత్త ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దానంతటది పోయేదాకా ఆగలేకపోయార్రా?" అంది. జంతువుల్ని పెంచే చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న వస్తుంది. ఆవిడకు ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇది.

ముసలి పిల్లుల్ని తీసుకుపోయే జబ్బుల్లో కిడ్నీలది ముందు వరస. పైగా అది చాటుగా వస్తుంది. కిడ్నీలు చేసే పనిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోతేగానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ పైకి లేవదు. ఇంట్లోవాళ్లకు కనపడేదల్లా పిల్లి నీళ్లు ఎక్కువ తాగడమే. ఎండలు మండుతున్నాయిలే అనుకుంటాం. తర్వాత చిక్కిపోతుంది; వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటే వేలికి తగులుతాయి. ఇక సెలైనే ఆధారం. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని పైకెత్తి సూది దించితే, ఆ నీరంతా చర్మం కింద మెత్తటి ముద్దలా చేరి, కాసేపటికి ముందుకాలి వైపు జారుతుంది. ఒక కాలు లావెక్కిన పిల్లి అవమానం జరిగినట్టు మొహం పెట్టుకుని ఒరిగి నడుస్తుంది. మొదట్లో సెలైన్ ఎక్కిన పూటల్లా మిరియం వంటింట్లోకొచ్చి తిండికోసం గోల చేసేది. ఆ రోజులు దానికీ మాకూ బాగానే గడిచాయి. బతికించుకోవడానికి చేయాల్సింది చేయొద్దని నేననడం లేదు.

(ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ముక్క వేసేవాళ్లున్నారు. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోవడానికి. వేయకండి.)

చివరి రోజుల్లో మిరియం నీళ్లగిన్నె దగ్గరికొచ్చి, గడ్డం తడిసేదాకా తల వాల్చి అలాగే నిలబడిపోయేది. దాహం ఉంది, తాగితే వాంతి. ఒళ్లు నాక్కోవడం మానేసింది. నల్లటి బొచ్చు తుప్పు రంగుకు తిరిగి అట్టలు కట్టింది. అయినా ఒళ్లో పడుకోబెట్టుకుంటే గురగురమనేది. "హాయిగానే ఉందిగా, పాపం" అనేవాళ్లు చూడటానికి వచ్చినవాళ్లు. పిల్లులు హాయిలోనే కాదు, నొప్పిలోనూ ప్రాణం పోయే ముందూ గురగురమంటాయి. ఆ చప్పుడు నమ్మి రోజులు పొడిగించకూడదు.

మరి ఎప్పుడు? అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో ఇందుకో కొలత తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది: ఏడు అంశాలు, ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని లెక్క. మంచి పద్ధతే. చిక్కల్లా పేపరు దిద్దేది మనం కావడమే. ఉదయం రెండు మెతుకులు కతికితే ఆకలికి ఆరు మార్కులు వేసేస్తాం, తోక ఊపితే సంతోషానికి గ్రేస్ మార్కులు కలుపుతాం. అందుకే నా మాట: లెక్క ఏం చెప్పినా ఒక రోజు ముందే తేల్చుకోండి. ఒక రోజు ముందైతే నష్టపోయేది మనం. ఒక రోజు ఆలస్యమైతే ఆ రాత్రంతా పడాల్సింది అది.

భారమంతా దేవుడి మీద వేయడాన్ని వైష్ణవులు మార్జాల కిశోర న్యాయమంటారు. కోతిపిల్ల తల్లి పొట్టను తనే కరుచుకుంటుంది. పిల్లికూన అదేమీ చేయదు, తల్లి నోట కరుచుకుని ఎక్కడికి తీసుకెళితే అక్కడికి. భారమంతా మోసేదానిదే. పద్దెనిమిదేళ్లు ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఏ సూది పొడిపించుకోవాలో అన్నీ మనమే నిర్ణయించి, ఆఖరి నిర్ణయం దగ్గరికొచ్చేసరికి "దాని కర్మ, మన చేతుల్లో ఏముంది" అనడం నాకు భక్తిలా కనపడదు, తప్పించుకోవడంలా కనపడుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా, బతికించి ఉంచడమే క్రూరమయ్యే స్థితి ఒకటుందని 13వ సెక్షన్‌లో ఒప్పుకుంది.

దుఃఖం సంగతి వేరే. కుక్క వెంట లేకపోతే స్వర్గమే వద్దన్న ధర్మరాజు కుక్కకున్నాడు. అదే భారతంలో పిల్లికి దక్కింది ఉద్యోగ పర్వంలో గంగ ఒడ్డున తపస్సు నటించి ఎలుకల్ని మింగిన దొంగ వేషం. మహాబలిపురంలో పల్లవుల శిల్పులు ఆ ముందుకాళ్లెత్తిన పిల్లిని ఎలుకలతో సహా రాతిలో చెక్కి పెట్టారు. ఇంత పేరు మోసిన జంతువు కోసం ఏడ్చానంటే ఆఫీసులో నవ్వుతారు. నవ్వనివ్వండి. సెలవు అడగండి, కారణం కూడా పిల్లి అనే రాయండి.

ఇక పని మాటలు. డాక్టర్ ఇంటికి వస్తారేమో ముందే కనుక్కోండి. పిల్లికి బుట్టా ప్రయాణమూ చావుకన్నా భయం. ముందు మత్తు, అది పూర్తిగా ఎక్కాక మోతాదు మించిన మత్తుమందు. ఈ వరస తప్పొద్దని గట్టిగా చెప్పండి. ప్రాణం పోయాక పిల్లి కళ్లు మూసుకోదు. ఒకటి రెండుసార్లు ఎగశ్వాస కూడా రావచ్చు. తెలియకపోతే బతికే ఉందని గుండె ఝల్లుమంటుంది. పెరడుంటే మూడడుగుల లోతు తవ్వండి, పైపైన పూడిస్తే వీధికుక్కలు తోడతాయి, ఆ మందు వాటికీ విషమే. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది.

ఫీజు మాత్రం ముందే ఇచ్చేయండి. అయిపోయాక ఫోన్‌పే పిన్ గుర్తురాదు.