విన్నదీ చదువే

ఆ మధ్య ఓ సెమినార్‌లో భోజనాల దగ్గర, జార్జ్ ఇలియట్ ‘మిడిల్‌మార్చ్’ మళ్ళీ పూర్తి చేశానని చెప్పాను. ఆడియోలో విన్నానని తెలియగానే ఓ సీనియర్ ప్రొఫెసర్ నవ్వి, “అయితే చదవలేదన్నమాట! వంట చేస్తూ వినడానికి టీవీ సీరియల్ చాలు కదమ్మా” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ నవల ఆడియో 30 గంటలు దాటుతుంది. అన్ని గంటలు నాకెక్కడివి? పొద్దున్నే కూరగాయలు తరుగుతూ, కాలేజీ బస్సులో, రాత్రి గిన్నెలు తోముతూ విన్నాను. ఎం.ఏ.లో పరీక్ష కోసం చదివినప్పుడు పేజీలు దాటేశాను. వింటున్నప్పుడు అలా కుదరలేదు. 48వ అధ్యాయంలో, అర్ధరాత్రి నిప్పుల పొయ్యి దగ్గర కూర్చున్న ముసలి భర్త కేసాబన్, డొరోతియా చేత తన నోట్సు చదివించుకుంటాడు. తను చచ్చిపోయినా తన మాట ప్రకారమే నడుచుకుంటానని మాటిమ్మంటాడు. అది విని సబ్బుచేతులతో అలాగే నిలబడిపోయాను. చదువు మీద ఆశతో పెళ్ళి చేసుకున్న పిల్ల, మొగుడి పుస్తకానికి గుమాస్తా అయింది. ఈ సంగతి నాకు ఎం.ఏ. క్లాసులో అర్థం కాలేదు. సింకు దగ్గర అర్థమైంది.

అసలు ఆ శతాబ్దపు నవలకి గొంతు కొత్తా? 1813 జనవరిలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అచ్చై ఇంటికి రాగానే, జేన్ ఆస్టిన్, వాళ్ళమ్మ కలిసి పొరుగామెకి చదివి వినిపించారు, రాసిందెవరో చెప్పకుండా. డికెన్స్ టిక్కెట్లు పెట్టి మరీ వేదికలెక్కి చదివాడు. హాల్లో కూర్చుని వింటే సాహిత్యాభిరుచి, వంటింట్లో వింటే కాలక్షేపమా?

అలాగని ఇయర్‌ఫోన్లకి హారతి పట్టబోవడం లేదు. “పనీ అయిపోతుంది, పుస్తకమూ అయిపోతుంది” అని మనలో చాలామంది సంబరపడుతున్నాం. ఆ సంబరంలో, ఆ పని మనదే ఎందుకైందన్న ప్రశ్న జారిపోతోంది. రెండు చేతులూ ఇంటికిచ్చి, మిగిలిన చెవులతో సాహిత్యం చేసుకోమంటే అది సర్దుబాటే తప్ప స్వేచ్ఛ కాదు. విన్న వాక్యం కింద గీత గీసుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి. వ్యాసం రాయాలంటే కుర్చీ కావాలి. డొరోతియా చేతిలో పెన్సిల్ ఉంది. కానీ గుర్తులు పెట్టింది మొగుడి నోట్సులో.

నాకు వినే హక్కూ కావాలి, పెన్సిల్ పట్టుకుని కూర్చునే గంటా కావాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొడితే ఒప్పుకోను.

ఆరోజు నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ప్రొఫెసర్‌గారిని ఒక్కటి అడగాల్సింది: మీరు కుర్చీలో కూర్చుని ‘నిజంగా’ చదివిన ఆ గంటల్లో, సార్, మీ ఇంట్లో గిన్నెలు ఎవరు తోమారు?