సాఫ్ట్‌వేర్ కన్నా ముందు శబ్దం దారి చూడండి

పాడ్‌కాస్ట్, ఆన్‌లైన్ ట్యూషన్, డబ్బింగ్ శాంపిల్... ఏది మొదలుపెట్టినా మనవాళ్లు ముందు అడిగేది ‘ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?’ అని. ఆ వెంటనే ఎవరో ఒకరు స్టూడియోల్లో వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ లింక్ పంపిస్తారు. దాని జోలికి పోకండి. అందులో ఏ వైరస్ ఉందో తెలీదు. రేపు క్లయింట్ లైసెన్స్ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. అసలు అంత పెద్ద సాఫ్ట్‌వేర్ మీ పనికి అవసరమే లేకపోవచ్చు.

ముందు ఒక కాగితం తీసుకుని కొల్లేరు మ్యాప్ గీసినట్టు గీయండి. బుడమేరు, తమ్మిలేరు వచ్చి సరస్సులో కలుస్తాయి. ఆ నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. మీ కంప్యూటర్‌లోకి శబ్దం ఎన్ని వైపుల నుంచి వస్తోంది? ఎటు పోవాలి? ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఆ గీతలే చెబుతాయి.

వచ్చేది ఒక్క మైక్ నుంచే అయితే పెద్దగా ఆలోచించాల్సింది లేదు. ఆటపాకలో ఫోన్‌తో పట్టుకొచ్చిన పక్షుల అరుపుల్ని కత్తిరించుకోవాలన్నా, ఇంట్లో కూర్చుని కథ చదవాలన్నా ఆడాసిటీ చాలు. 2000 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది.

చిక్కంతా రెండో ఏరు కలిసినప్పుడే. మీరు తాడేపల్లిగూడెంలో, మీ అతిథి డాలస్‌లో, మధ్యలో జూమ్. మీ గొంతు మైక్ నుంచి వస్తుంది, ఆయన గొంతు కంప్యూటర్ లోపలి నుంచి వస్తుంది. రెండూ ఒకే ట్రాక్‌లో కలిసిపోతే తర్వాత విడదీయడం నరకం. ఆయన మంచి మాట చెబుతుంటే మీ వైపు ఫ్యాన్ రొద, పక్కింటి మిక్సీ మోత. (మే నెలలో ఏలూరులో ఫ్యాన్ ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు.) ట్రాకులు విడిగా ఉంటే ఆ కాసేపు మీది మ్యూట్ చేస్తే సరి.

ఈ పనికి నా ఓటు ఓబీఎస్ స్టూడియోకే. లైవ్ స్ట్రీమింగ్ కోసమే అనుకుంటారు గానీ, ఆడియోని 6 ట్రాకుల దాకా విడివిడిగా రికార్డ్ చేస్తుంది. ఇదీ ఉచితమే. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్ పెట్టి, రికార్డింగ్‌లో 1, 2 ట్రాకులు టిక్ చేయండి. తర్వాత అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైక్‌కి 1 మాత్రమే, డెస్క్‌టాప్ ఆడియోకి 2 మాత్రమే ఉంచండి. రికార్డ్ చేస్తున్నట్టు అతిథికి ముందే చెప్పండి.

ఒక యాప్‌లోని శబ్దాన్ని ఇంకో యాప్‌కి మైక్‌లా అందించాలంటే విండోస్‌లో వీబీ-కేబుల్, మ్యాక్‌లో బ్లాక్‌హోల్ ఉన్నాయి. కాలువకి తూములాంటివి ఇవి. మైక్‌నీ పాటనీ కలిపి పంపాలంటే విండోస్‌లో వాయిస్‌మీటర్ చూడండి. సంగీతం చేసేవాళ్లయితే రీపర్: 60 రోజులు ట్రయల్, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. చేతిలో పని పడ్డాక కొనండి, ముందే వద్దు.

అసలు ఇంటర్వ్యూకి ముందు ఒక్క నిమిషం రికార్డ్ చేసి, మీ ట్రాక్ ఒక్కటే వినండి. అందులో అవతలి గొంతు కూడా వినిపిస్తోందంటే స్పీకర్లు ఆపి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.