14 ఏళ్లు కదలని 80 వేల బిట్‌కాయిన్లు.. ఒక్కరోజులో బయటికి! అమ్మేసినట్టేనా?

2025 జులై 4న క్రిప్టో మార్కెట్ ఒక్కసారిగా ఉలిక్కిపడింది. 2011 నుంచి ఎవరూ ముట్టుకోని 8 వాలెట్ల నుంచి 10 వేల చొప్పున, మొత్తం 80 వేల బిట్‌కాయిన్లు కొత్త అడ్రస్‌లకు వెళ్లిపోయాయి. వాటి విలువ 800 కోట్ల డాలర్ల పైనే!

ఇంకేముంది.. ధర కుప్పకూలుతుందంటూ సోషల్ మీడియాలో హడావుడి. కానీ బ్లాక్‌చెయిన్‌లో కనిపించేది ఏ అడ్రస్ నుంచి ఎక్కడికి ఎంత వెళ్లిందన్నదే. పంపిందెవరు, ఎందుకు అన్నది అందులో ఉండదు. ఎనిమిదీ ఒకే రోజు కదలడంతో ఓనర్ ఒక్కరేనన్న అంచనా బలపడింది, అంతే.

మరి తర్వాత ఏమైంది? పది రోజులకే బిట్‌కాయిన్ 1.20 లక్షల డాలర్లు దాటింది. సతోషి కాలం నాటి ఓ ఇన్వెస్టర్ తరఫున 80 వేలకు పైగా బిట్‌కాయిన్లు అమ్మిపెట్టామని గెలాక్సీ డిజిటల్ ప్రకటించింది జులై 25న! అప్పుడు కూడా ధర జులై 4 నాటి కంటే ఎక్కువే.

సో.. వాలెట్ కదిలిందంటే అమ్మేశారని కాదు. కాయిన్లు ఎక్స్ఛేంజ్‌కు చేరాయా లేదా అన్నది ముందు చూడాలి. మన దగ్గర క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను. నష్టమొస్తే వేరే లాభాల్లోంచి తగ్గించుకునే వీలు లేదు. కంగారుపడి అమ్మితే ఆ నష్టమంతా మీదే.